మెడ తిప్పిన ఎద్దు

రెండేళ్లుగా వాన లేదు. మా ఊరి బడిపిల్లలు మామిడికాయ ముఖం చూసి అంతకాలమైంది. అయినా ఏడాది పరీక్షకు ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని దివాకర్ అయివారు మూడో తరగతికి బంకమన్ను పంచి మామిడికాయలు చేయమన్నాడు. అందరూ చేశారు, మాబీ తప్ప. మాబీ ఎద్దును చేసింది.

"మన్ను పనిలో సున్నా. పై తరగతికి పంపేది లేదు" అన్నాడట అయివారు.

మాబీ తండ్రి ఇమాంసాబ్ ముందే చెప్పేశాడు: పరీక్ష తప్పితే బడి చాలు, మేకల వెంట పొమ్మని. పక్కింటి బిడ్డ కదా, అందుకే పని మానుకుని నేనే బడికి పోయాను. రైతుసంఘం తరఫున తహసీల్దారు మీదే అరిచిన నోరు నాది.

"అయివారూ, ఈ కరువులో..." అని మొదలుపెట్టాను.

"పాపన్నా, నీ ఉపన్యాసం చావిడి కాడ పెట్టుకో. ఎద్దయినా సరిగా చేసిందా? లేపాక్షి బసవన్న తల ఎంత నిటారుగా ఉండాది! దీని మెడ ఎనక్కి తిరిగిపోయినాది. పగలగొట్టి ముద్ద చెయ్యమంటే చెయ్యదు."

మెడ తిరిగిన మాట నిజమే. నాకూ విసుగొచ్చింది.

"ఏమే మాబీ, మీ ఇంట్లో ఎద్దే ల్యాదు. ఇట్లాంటిది యాడ చూసినావే?"

"చూడలే మామా. మొన్న కదిరి సంతలో మా తరగతి చౌడమ్మోళ్ల ఎద్దును అమ్మినారు. కొన్నోళ్లు తోలకపోతాంటే తిరిగి తిరిగి చూసిందంట. ఆ పొద్దు నుంచి చౌడి ఎవురితో మాట్లాడలే. పక్కన కూకోని, ఎట్ల చూసిందే అని అడిగినా. నోటితో చెప్పకుండా మెడ తిప్పి చూపించింది. నాకే మెడ నొప్పి పుట్టినాది."

మూల నుంచి చౌడమ్మ లేచి వచ్చింది. రెండు గడ్డిపోచలు తెచ్చి, ఎద్దు ముఖం ఎటు తిరిగి ఉందో అటువైపు పెట్టింది.

"తిను మైలోడా" అంది, అమ్మేసిన తమ ఎద్దును పేరు పెట్టి పిలిచినట్టే.

"చూసినావా అయివారూ?" అన్నాను. "నీ మామిడికాయల్లో ఒక్కటన్నా ఈ బిడ్డ నోరు తెరిపించిందా? పక్కదాని బాధ పట్టింది కాబట్టే మాబీ చేతికి ఈ మెడ వచ్చింది. దీనికి సున్నానా?"

"ఇన్‌స్పెక్టరుకు నేనేం చెప్పేదప్పా? పరీక్ష పట్టికలో మామిడికాయ అనే ఉండాది!"

అయినా బెత్తం పక్కన పెట్టి పట్టిక తెరిచాడు. తొంగి చూశాను. 'మాబీ: మామిడికాయ, బాగుంది' అని రాశాడు.

"ఎద్దని రాస్తే చెయ్యి పడిపోతాదా అయివారూ?"

"పాసయింది కదప్పా! ఇంక పో."