స్వామివారి నిమ్మరసం

వకీలు ఉపేందర్ నిరాహారదీక్షకు కూర్చుని అప్పటికి మూడు గంటలైంది. అందులో రెండున్నర గంటలు ఆయన తిండి గురించే ఆలోచించాడు. మనలో మన మాట, పదకొండింటికి టెంటు వెనక్కి పోయి రెండు ఉస్మానియా బిస్కెట్లు కూడా నమిలి వచ్చాడు. రాష్ట్రం కోసం ప్రాణమైనా ఇస్తానని పొద్దున మైకులో గర్జించిన మనిషే. ప్రాణం వేరు, పదకొండు గంటల చాయ్ వేరు, ఏం చేస్తాం!

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులవి. ఎల్బీ నగర్ కోర్టు గేటు పక్కన వకీళ్లు టెంటు వేసి, రోజుకు ఏడుగురు చొప్పున దీక్షకు కూర్చునేవారు. వకీలన్నవాడెవడూ కోర్టు గడప తొక్కకూడదు. లోపల జడ్జిగారు ఒక్కరే కూర్చుని కేసులు పిలిచి, వాయిదాలు వేసి ఇంటికి పోయేవారు. సాయంత్రం ఎవరో ఒక పెద్దమనిషి వచ్చి నాలుగు మాటలు మాట్లాడి, ఏడుగురికీ నిమ్మరసం తాగించి దీక్ష విరమింపజేయడం ఆనవాయితీ.

ఉపేందర్‌కు ఉద్యమం అంటే ప్రాణమే. కానీ ఆ రోజు మాత్రం సమ్మె మీద లోలోపల మంటగా ఉంది. ఎందుకంటే ఆ రోజే ఆయన వాదిస్తున్న రజిత కేసు వాయిదా.

రజిత దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణంలో పనిచేస్తుంది. పోచంపల్లి దగ్గర మగ్గాల ఇంట్లో పుట్టిన పిల్ల. నాలుగేళ్ల కింద, మీర్‌పేట్ అవతల ఆశ్రమం పెట్టుకున్న విమలబోధస్వామి దగ్గరికి ఆదివారాలు సేవకు పోయేది. మంత్రోపదేశం ఇస్తానని ఆయన ఆమెను లోపలి గదిలోకి పిలిచి, గడియ పెట్టి, మీద చెయ్యి వేశాడు. ఆమె పెనుగులాడి, తలుపు తీసుకుని బయటపడి, చెప్పులైనా వేసుకోకుండా పోలీస్ స్టేషన్‌కు నడిచింది. ఇంట్లోవాళ్లు పరువు పోతుందన్నా కేసు వదల్లేదు.

ఆ స్వామి మాత్రం, బెయిలు తెచ్చుకున్ననాడు తప్ప, మళ్లీ కోర్టులో నిలబడితే ఒట్టు! మొదట చాతుర్మాస్యం అన్నాడు. తర్వాత హిమాలయాలన్నాడు. ఏడాదిగా డాక్టరు సర్టిఫికెట్ ఒకటి తిరుగుతోంది: పక్షవాతం, మంచం దిగలేరు, మాట పడిపోయింది. పాపం! ఆయన ఎదుట ఉంటే గానీ ఆమె సాక్ష్యం మొదలుకాదు. అట్లా పద్నాలుగు వాయిదాలు గడిచాయి.

నిన్న సాయంత్రం రజిత ఆఫీసుకు వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"రేపే ఆఖరు సార్. రేపు గూడ ఆయన రాకుంటే కేసు వాపస్ తీసుకుంట. నాతోని అయితలేదు."

"జర ఓపిక పట్టు బిడ్డా."

"నాలుగేండ్లు పట్టిన. ఇంకెక్కడికెళ్లి తేవాలె?"

అది నిన్నటి మాట. ఇవాళ స్వామి తరఫు వకీలు పట్టాభి, దీక్షలో లేకపోయినా, టెంటులోనే ముందు వరుసలో కాలు మీద కాలేసుకుని పేపరు చదువుతున్నాడు. భీమవరం మనిషి, ఇరవై ఏళ్లుగా దిల్‌సుఖ్‌నగర్‌లో కాపురం.

"ఉపేందర్ గారూ, మీ సమ్మె మా స్వామివారికి దేవుడిచ్చిన వరమండీ," అన్నాడు పట్టాభి, పేపరు మడుస్తూ. "సర్టిఫికెట్టు గుమస్తా చేత లోపలికి పంపించేశాను. నేను వాదించక్కర్లేదు, మీరు వాదించకూడదు. ఎంత హాయో చూడండి!"

ఉపేందర్‌కు ఒళ్లు మండిపోయింది. కానీ కడుపులో ఉన్నవి రెండు బిస్కెట్లు. కొట్లాటకు అవి చాలవు. పట్టాభి భోజనానికి ఇంటికి పోయాడు. తిన్నాక ఒక కునుకు తియ్యనిదే లేవడం ఆయన చరిత్రలో లేదు.

రెండింటికి టెంటు కన్వీనర్ అంతయ్య ఎగిరి గంతేసినంత పని చేస్తూ వచ్చాడు. అంతయ్యవన్నీ రోడ్డు ప్రమాదాల కేసులు. ఎవడి మీద ఏ కేసుందో ఆయనకు పట్టదు. ఆయన పరేషాన్ అంతా సాయంత్రం గెస్టు గురించే. ఇరవై ఏడు రోజుల్లో నాయకులు, కవులు, రిటైరైన హెడ్మాస్టర్లు అందరూ అయిపోయారు. నిన్నయితే టెంటు కిరాయికి ఇచ్చినాయనతోనే నిమ్మరసం తాగించారు.

"అన్నా, గెస్టు దొరికిండే! విమలబోధస్వామి! శిష్యులే ఫోన్ చేసిన్రు. ఉద్యమాన్ని ఆశీర్వదిస్తడంట. సాయంత్రం ఘడియలు మంచిగ లెవ్వట, మూడున్నరకే వస్తమన్నరు."

ఉపేందర్ అరవబోయాడు. నోరు తెరిచి, ఒక్క క్షణం ఆగి, మెల్లగా మూసుకున్నాడు.

సంగతేమిటో ఆయనకు అర్థమైంది. రేపు తెలంగాణ వస్తే ఈ వకీళ్లే పెద్దవాళ్లవుతారు, ఇప్పుడే మంచి చేసుకుందామని స్వామి ఎత్తు. వకీళ్లు లోపలికే పోనప్పుడు కోర్టుతో భయమేముంది? వాయిదా తేదీలు పట్టాభి చూసుకుంటాడు, ఘడియలు తాను చూసుకుంటాడు. ఆ ఘడియలు చూసుకున్న మహానుభావుడు ఇవాళ వాయిదా ఉందా అని తన వకీలును మాత్రం ఒక్క మాట అడగలేదు.

రజిత కోర్టు వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది. ఉపేందర్ ఆమెను గేటు దగ్గరికి పిలిపించి విషయం చెప్పాడు.

"నువ్వు ఇంటికి పో బిడ్డా. ఆ మొఖం చూసుడు నీకెందుకు? నేను ఫోన్ల వీడియో తీస్త, అదే సాలు."

రజిత టెంటు వైపు చూసింది. తర్వాత, "నేను గూడ దీక్షల కూసుంట సార్," అంది.

"దీక్షంటే పొద్దుగాల్నించి ఏం తినొద్దమ్మా."

"తినలే సార్. వాయిదా ఉన్ననాడు నాకు మెతుకు దిగదు. గిన్ని వాయిదాలల్ల ఒక్కనాడు గూడ తినలే."

ఉపేందర్‌కు ఆ రెండు బిస్కెట్లూ గుర్తొచ్చాయి. సిగ్గుతో తల వంచుకుని, తన మెడలోని దండ తీసి ఆమె చేతికిచ్చాడు. "నా జాగల కూసో," అన్నాడు.

మూడున్నరకు స్వామి కారు దిగాడు. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వేదిక మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు. మైకు అందుకుని ఇరవై అయిదు నిమిషాలు వదల్లేదు. రాష్ట్రం వస్తుందన్నాడు, ధర్మం గెలుస్తుందన్నాడు, ఈ వయసులో కూడా రోజూ నూట ఎనిమిది సూర్యనమస్కారాలు చేస్తున్నానన్నాడు. ఉద్యమం మైకులు మరి, మామూలువి కావు. నాలుగింట్లో ఒకటి సరిగ్గా కోర్టు హాలు కిటికీకి ఎదురుగా కట్టి ఉంది. ఉపేందర్ రెండు చేతులా ఫోన్ పట్టుకుని వీడియో తీస్తున్నాడు.

తర్వాత నిమ్మరసం. ఆరుగురు తాగారు. ఏడో గ్లాసు స్వామి ముఖం చూడకుండానే అందించాడు. "పుచ్చుకో తల్లీ."

ఆ చెయ్యి అట్లాగే ఉండిపోయింది. ఆమె పుచ్చుకోలేదు.

"నన్ను గుర్తువట్టినవా స్వామీ? నేను రజితను." మైకు దగ్గరలోనే ఉంది. "నువ్వు మంచం దిగలేవని, నీకు మాట పడిపోయిందని లోపల కాయితం ఉన్నది. గిక్కడిదాంక వచ్చినవు గద. గింత దూరం కోర్టుకు గూడ రా."

స్వామి కాషాయం మీద నిమ్మరసం ఒలికింది. అప్పుడే, గుమస్తా ఫోన్ చేసి లేపితే, పట్టాభి చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని, చెంప మీద దిండు గుర్తులతో ఆటోలోంచి దూకాడు. "మైకు ఆపండి బాబూ, మైకు!" అని ఆయన పెట్టిన కేక కూడా మైకులోనే వినిపించింది.

లోపలి నుంచి బంట్రోతు రజిత కేసు పిలిచాడు. రజిత దండ తీసి కుర్చీలో పెట్టి లోపలికి నడిచింది. ఉపేందర్ పరుగున పోయి కిటికీలో తల పెట్టాడు. మెడ దాకా కోర్టులో ఉన్నాడు, మిగతా మనిషి సమ్మెలో ఉన్నాడు. పట్టాభి గడప దాటబోతుంటే అంతయ్య అడ్డం నిలబడ్డాడు. "సార్, సమ్మె!" చేసేది లేక పట్టాభి కూడా వచ్చి అదే కిటికీలో ఇరుక్కున్నాడు.

"సార్, మంచంల ఉన్నాయన బయట ఉన్నడు," అంది రజిత.

జడ్జిగారు ఎదుట ఉన్న సర్టిఫికెట్ వైపు చూశారు. "విన్నానమ్మా. ఇరవై అయిదు నిమిషాలూ విన్నాను," అని, ఆయన్ను పిలుచుకు రమ్మని కానిస్టేబుల్‌ను పంపారు.

శిష్యులు అప్పటికే స్వామిని కారు ఎక్కిస్తున్నారు. ఆయన చేతి నిమ్మరసం తాగిన ఆరుగురూ పోయి కారుకు అడ్డంగా నిలబడ్డారు. సంగతి తెలిసిన అంతయ్య ముఖం కందిపోయి ఉంది.

"కోర్టుకు పోవద్దన్నది మాకు స్వామీ, మీకు గాదు. నడువుండ్రి," అన్నాడు.

స్వామి బోనులో నిలబడ్డాడు. బాగానే నిలబడ్డాడు. ఆ రోజు గడియ పెట్టింది ఎవరని జడ్జిగారు అడిగారు. రజిత ఆయన కళ్లలోకి చూసింది. "ఈయనే సార్," అంది. సర్టిఫికెట్ కొట్టేసి, రాసిచ్చిన డాక్టరును రమ్మని, ఎల్లుండి రజిత సాక్ష్యమని, స్వామి ప్రతి వాయిదాకూ రావాల్సిందేనని జడ్జిగారు రాయించారు. పట్టాభి మెల్లగా కిటికీలోంచి తల తీసుకున్నాడు.

బయటికొచ్చిన రజితను ఉపేందర్ భయం భయంగా అడిగాడు. "మరి వాపస్ అన్నవు కద బిడ్డా?"

"ఎల్లుండి ఎన్నింటికి రావాలె సార్?" అంది రజిత. కొంచెం ఆగి, "సార్, ఆకలైతున్నది," అంది.

ఉపేందర్ ఆమెను గేటు అవతల బండి దగ్గరికి తీసుకుపోయి ఇడ్లీ పెట్టించాడు. ఆమె ఆవురావురుమని తింటూ, మధ్యలో ప్లేటు ఆయన ముందుకు జరిపింది.

"మీరు గూడ తినుండ్రి సార్. పొద్దుగాల్నించి దీక్షల ఉన్నరు."

"నేను పదకొండింటికే రెండు బిస్కెట్లు తిన్న బిడ్డా," అన్నాడు ఉపేందర్, ఎటో చూస్తూ. "ఎవ్వరికీ చెప్పకు."

రజిత పకపకా నవ్వింది. నాలుగేళ్లలో ఆమె నవ్వగా ఆయన చూడటం అదే మొదలు. నవ్వి, కళ్లు తుడుచుకుని, ఇంకో రెండు ఇడ్లీ వేయమని ప్లేటు బండివాడి ముందుకు చాపింది.