పాలల్లోని కాపలా

ముసలి కుక్క నోరు తెరిచి, బ్రష్షు మీద శనగగింజంత పేస్టు పెట్టి, చిగుళ్ల మీద మెల్లగా తిప్పడం సోమవారం నుంచి నా పని. దాని పళ్లు సగం మా ఆయనే పీకేశారు. ఆయన పశువుల డాక్టరు. ముందు గది ఆస్పత్రి, వెనక రెండు గదులు మా కాపురం. కుక్కని ఎవరో చూపించడానికి తెచ్చి, మళ్లీ రాలేదు. "శనివారానికి తినకపోతే ఇంజెక్షన్ చేసేద్దాం, బాధ పెట్టడమెందుకు" అన్నారాయన. ఎవరైనా వెళ్లిపోతారంటే ముందే ఏడ్చి కూర్చునే రకాన్ని నేను.

బడికి వెళ్లలేదు. మందుల డబ్బాల మీది అక్షరాలు కూడబలుక్కుంటూ చదవడం నేర్చుకున్నాను. "డాక్టరు పెళ్లానివైతే డాక్టరైపోతావా?" అనేవారు అత్తగారు. ఆవిడ పోయారు గాని ఆ మాట పోలేదు. గురువారం మధ్యాహ్నం పేస్టు డబ్బాలో మడిచిపెట్టిన కాగితం తీసి చదివాను. అందులో ఉన్నది పాలల్లోంచి తీసిన ఎంజైమట. పేరు లాక్టోపెరాక్సిడేజ్. మూడుసార్లు తడబడి నాలుగోసారి సరిగ్గా పలికాను. క్రిములు పెరగకుండా పాలల్లో సహజంగానే ఉండే కాపలా అది. అయితే నా పాలల్లోనూ ఉండేదా? "నీవి పాలు కావు, నీళ్లు" అని అత్తగారు మూడో నెలలోనే పిల్లని నా దగ్గర్నుంచి తీసేసి సీసాకి అలవాటు చేశారు. పక్కగదిలో దాని ఏడుపు వింటూ, జాకెట్టు తడిసిపోతుంటే, నేను వంటింట్లో ఆ సీసాలే మరగబెట్టేదాన్ని. నీళ్లన్నవాటిలో ఏముందో ఎవరు చూశారు గనక?

కాగితం చివరి వరుస రెండుసార్లు చదివాను. వేడి తగలనివ్వకూడదట, తగిలితే ఎంజైము పనిచేయదట. ఈ ఇంట్లో కత్తెర దగ్గర్నుంచి పళ్లెం దాకా అన్నీ మరగబెట్టేది నేనే. చల్లటి పేస్టు పుండుకి జివ్వుమంటుందని, ట్యూబుని కూడా సలసల కాగే నీళ్లలో ముంచి తీస్తున్నాను. నాలుగు రోజులు! పరుగున వెళ్లి కొత్త ట్యూబు విప్పాను.

శనివారం పొద్దున ఆయన సూదిలో మందు ఎక్కించి తెచ్చారు. "రా, తల పట్టుకో."

నలభై ఏళ్లుగా పట్టుకుంటూనే ఉన్నాను. ఎన్ని తలలు నా అరచేతుల్లో బరువెక్కాయో లెక్కలేదు.

"పట్టుకోను."

"ఏమిటీ?"

"నాలుగు రోజులు పేస్టుని వేడినీళ్లలో ముంచి పాడుచేశాను. అసలు మందు దానికి పడుతున్నది మొన్న సాయంత్రం నుంచే."

"అబ్బో, ప్రొఫెసరుగారు!" నవ్వారు. "పేస్టుతో కుక్కలు బతికేస్తే ఇక నేనెందుకు?"

"బతుకుతుందని నేననలేదు. చూద్దామంటున్నాను. ఇంకా తినడం లేదు, రక్తం ఇంకా వస్తోంది. కాని ఇవాళ బ్రష్షు చూసి తనే నోరు తెరిచింది. నొప్పికి మందు మీరివ్వండి, చిగుళ్లు నేను చూసుకుంటాను."

కుక్క మా ఇద్దరి వంకా మార్చి మార్చి చూసింది. సూది వెయ్యడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదని ఆయనకీ తెలుసు. సూదికి మూత పెట్టారు.

"సరే, నీ మాట ఎందుకు కాదనాలి. సోమవారం దాకా."

నేను దానికి బాకీపడ్డది నాలుగు రోజులు.

"బుధవారం" అన్నాను.