చక్రం పిడికి కట్టిన తువ్వాలు

కేరళలోని మా పెరుంబావూరు రంపపు మిల్లులో పచ్చి రబ్బరు దుంగలే కోస్తాం. వాటి పాలు, పొట్టు కలిసి బ్లేడుకీ, అది తిరిగే చక్రాలకీ జిగురులా పట్టేస్తాయి. సాయంత్రం డీజిల్ గుడ్డతో అంతా తుడిచి, బ్లేడు బిగువు వదులు చేసి, ఆ బిగువు తిప్పే చక్రం పిడికి తువ్వాలు కట్టాలి. తువ్వాలుంటే పని అయిపోయిందని గుర్తు. మేస్త్రీగా ఆ నియమం పెట్టింది నేనే.

సోమవారం మొదటి దుంగకే బ్లేడు తెగింది. మూత తీస్తే చక్రం నిండా గడ్డకట్టిన జిగురు. అందరి ముందూ అస్సాం నుంచి వచ్చిన మొఫిజుల్ మీద విరుచుకుపడ్డాను.

"శనివారం తుడవమని నీకు చెప్పానా, గోడకి చెప్పానా?"

"తుడుద్దామనే వచ్చాను, పైలీ చేట్టా. పిడికి తువ్వాలు కట్టుంది. అయిపోయిందనుకున్నా," అన్నాడు. మా దగ్గర చేట్టా అంటే అన్న.

"ఎవడిదది? తీసుకురా, వాడి సంగతి చూస్తా."

"పొద్దున తీసి ఎక్కడో పడేశాను," అన్నాడు నేల చూస్తూ.

"అబద్ధమాడినా అతికినట్టుండాలిరా," అన్నాను. అందరూ నవ్వారు.

మధ్యాహ్నం అన్నం తిని చెయ్యి తుడుచుకోబోతే భుజం మీద తువ్వాలు లేదు. శనివారం చర్చి పండగకి వెళ్లే తొందరలో, మెడ తుడుచుకుని దాన్ని పరధ్యానంగా పిడికి కట్టేసిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

మొఫిజుల్‌ని వెతుక్కుంటూ షెడ్డు వెనక్కి వెళ్తే, దాచి ఉంచిన దాన్ని మడతపెట్టి నా చేతిలో పెట్టాడు. గబుక్కున నడుములో దోపుకుని, చుట్టూ చూసి, "ఎవరికీ చెప్పకు," అన్నాను.

"చెప్పేవాణ్ణయితే పొద్దునే చెప్పేవాణ్ణి కదా, చేట్టా," అన్నాడు.