చెంచమ్మను దాచిన గది

"ఎస్సైగారికి కాఫీ పంపించు, చక్కెర తక్కువెయ్యి" అని మా ఆయన వసారాలోంచి కేకేశారు. పొయ్యి మీద పాలు పెట్టాను. నిన్ననే మా ఆడపడుచు పెళ్ళి జరిగిన ఇల్లు ఇది. పెరట్లో, బావి పక్కన నులకమంచం మీద నా తోటికోడలు చెంచమ్మ శవం ఉంది. నేను పాలు పొంగకుండా చూసుకుంటున్నాను. నా మీద నాకే అసహ్యంగా ఉంది. కానీ అల్లూరులో ఈ ఇంటికి వచ్చిన పన్నెండేళ్ళలో నా చేతులు నన్ను అడక్కుండా పని చేయడం నేర్చుకున్నాయి.

ఆయన మాటలు కిటికీలోంచి వినబడుతున్నాయి. "నిన్న తెల్లవారుజామున పెళ్ళికూతురి మంగళస్నానానికి నీళ్ళు తోడదామని పొయ్యుంటుంది సార్. గట్టంతా పాచి, కాలు జారింది. బిందె గూడా బావిలోనే దొరికింది, పసుపుదారం కట్టిన బిందె. పెళ్ళి సందట్లో ఎవురు చూస్తారు?" ఎస్సై రాసుకుంటున్నాడు. మా మామగారు పక్కన కూర్చుని కండువాతో కళ్ళు తుడుచుకుంటున్నారు.

గ్లాసులో కాఫీ పోస్తూ నా చెయ్యి ఆగింది. మొగుడు పోయిన ఆడది మంగళస్నానం నీళ్ళు తోడిందట! మా మరిది పోయి మూడేళ్ళు. ఈ మూడేళ్ళలో చెంచమ్మ పసుపు కొట్టే రోలు పక్కన కూడా నిలబడలేదు, నిలబడనివ్వలేదు. ఆ నీళ్ళు తోడింది ఐదుగురు ముత్తైదువులం. అత్తమ్మ, నేను, ముగ్గురు పిన్నత్తలు. అదే బావిలో, చీకటి విడవకముందే, దీపం పట్టుకుని. అప్పుడు బావిలో నీళ్ళే ఉన్నాయి. ఈయనకు ఆ సంగతి తెలియదు. నీళ్ళు కాగి, తొట్టిలోకి వచ్చి, స్నానమై పోవడం తప్ప ఈ ఇంటి మగవాళ్ళు ఏనాడు చూశారు గనక? ఎవరు తోడతారో, ఎవరు ముట్టుకోకూడదో ఆయన బుర్రలో లేదు. అందుకే ఆ బిందెను తెచ్చి బావిలో పడేశారు.

ఇంకో సంగతి కూడా ఉంది. నిన్న కొట్టుగది తాళంచెవి ఎవరి చేతికి పోయిందో నాకు, ఆయనకు మాత్రమే తెలుసు.

నీళ్ళు తోడడానికి వెళ్ళేముందు అత్తమ్మ నాతో చెప్పింది, "దాన్ని కొట్టుగదిలో ఉండమను. తాళం వెయ్యి. మగపెళ్ళివాళ్ళకు ఎదురొచ్చిందంటే నా బిడ్డ బతుకు ఏం గాను?" నేను చాప, చెంబెడు నీళ్ళు తీసుకుపోయాను. చెంచమ్మ నవ్వింది. "తాళం ఎందుకక్కా, నేనేమన్నా పారిపోతానా?" అంది. "అత్తమ్మ మాట, నేనేం చేసేది?" అన్నాను. తలుపు వేసి తాళం తిప్పాను. అప్పుడు నాకు బాధ కూడా కలగలేదు. వంటవాళ్ళకు చింతపండు తీసివ్వాలన్న తొందరలో ఉన్నాను.

తొమ్మిది గంటలకు ఆయన వంట పందిట్లోకి వచ్చారు. "కొట్టులో కొత్త చాపలుండాయి, తియ్యాల. తాళంచెవి ఇయ్యి." నా చేతుల నిండా పిండి. కొంగున ఉంది తీసుకోమన్నాను. ఆయనే ముడి విప్పుకున్నారు. మేళం మోగుతోంది. ఆ తర్వాత ఎప్పుడో తాళంచెవి తెచ్చి నా పక్కన పీట మీద పెట్టి వెళ్ళిపోయారు. వంట పందిరి వీధి వైపు వేశారు, నీళ్ళు కాలవ నుంచి బండ్ల మీద వస్తున్నాయి. పెరటి వైపు పోవాల్సిన పని ఎవరికీ పడలేదు.

తాళి కట్టడం నేను చూడలేదు. భోజనాలు మూడు బంతులు లేచాక, మధ్యాహ్నం మూడింటికి చెంచమ్మ గుర్తుకొచ్చింది. ఆకులో అన్నం పెట్టుకుని పరుగెత్తాను. తలుపుకు తాళం వేసినట్టే ఉంది. తీస్తే లోపల మనిషి లేదు. కొత్త చాపలు చుట్టింది చుట్టినట్టే గోడకు ఆనించి ఉన్నాయి, ఒక్కటీ కదల్లేదు. సాయంత్రం పాలేరు నరసయ్య బావిలో చూసి కేక పెట్టాడు.

ఆయన ఆ పని ఎందుకు చేశారో నాకు తెలుసు. కాలవ కింద మరిది వాటా ఆరెకరాలను ఆడపడుచుకు రాసిస్తామని బుచ్చిరెడ్డిపాలెం వియ్యాలవారికి మాట ఇచ్చేశారు. మొగుడి వాటా పెళ్ళానికే వస్తుందన్న కొత్త చట్టం ప్రకారం అది చెంచమ్మది. పెళ్ళికి ముందురోజు కాగితం ముందు పెడితే చెంచమ్మ సంతకం పెట్టలేదు. "పెట్టెయ్యి, పెళ్ళినాడు గొడవెందుకు" అని చెప్పింది నేనే. "ఆరెకరాలుండబట్టే గదక్కా నాకింత తిండి పెడతుండారు. అది గూడా ఇచ్చేస్తే నేను యాడికి పోవాల?" అంది.

కాఫీ చల్లారిపోతోంది. అత్తమ్మ వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. ఆమె కూడా కిటికీ మాటలు విన్నది. దీపం పట్టుకున్నది ఆమే కదా. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"చెప్పబాక" అంది గొంతు తగ్గించి. "నీకిద్దరు ఆడబిడ్డలుండారు. వాళ్ళ నాయన జైలుకు పోతే వాళ్ళను ఎవురు చేసుకుంటారు? నువ్వు యాడుంటావు?"

ఆమె అబద్ధం చెప్పలేదు. మా అన్న ఇంట్లో పది రోజులు దాటితే వదిన మొహం మాడ్చుకుంటుంది. నా పేరున సెంటు భూమి లేదు. "తాళాలు చేతిలో ఉంటే ఇల్లు నీదనుకుంటివా?" అని ఈయనే ఒకసారి అందరిముందు నవ్వారు. నాకు భయంగా ఉంది. కానీ ఇంకాసేపట్లో ఎస్సై ఆ కాగితం మడుస్తాడు, చెంచమ్మను శ్మశానానికి ఎత్తుతారు, కాలుజారి పడిందన్నదే మిగులుతుంది. ఆ తర్వాత ఈయనకు నేను రోజూ అన్నం వడ్డించాలి.

కాఫీ గ్లాసు తీసుకుని నేనే వసారాలోకి వెళ్ళాను. ఆయన కళ్ళెర్రజేసి, "నువ్వెందుకొచ్చినావు, లోపలికి పో" అన్నారు. నేను గ్లాసు ఎస్సై ముందు పెట్టి అక్కడే నిలబడ్డాను. నీళ్ళు ఎవరు తోడారో చెప్పాను. తాళం సంగతి, చాపల సంగతి, కాగితం సంగతి చెప్పాను. మామగారు "దీనికి మతి చలించింది సార్" అని లేచారు. మా ఆయన మాత్రం లేవలేదు. నేల వైపు చూస్తున్నారు.

ఎస్సై కలం ఎత్తి నా వైపు చూశాడు. "అమ్మా, నువ్వు చెప్పేది నీ మొగుడి మీదకే పోతుంది, తెలుసునా?"

"తెలుసు సార్. ఆమెను గదిలో పెట్టి తాళం వేసింది నేను. ముందు అది రాసుకోండి."