ఫ్లాషర్ చప్పుడు

"ఫ్లాషర్ డబ్బా కరాబైందంటే నమ్మవేంది? చప్పుడే రాకపోతే నాకెట్ల తెలుస్తది?" రామచంద్రం చాయ గ్లాసు కింద పెట్టాడు.

"ఇందారం కాడ కుడి లైటేసినవు. మంచిర్యాల దాంక అది కొట్టుకుంటనే ఉండె. ఎనక లారోడు తిట్టిన తిట్లన్ని నేనే విన్న." భార్య కమలవ్వ చిక్కుడుకాయలు తుంచుతూ తల ఎత్తకుండానే అంది. "మంగళారం కొండగట్టుకు కిరాయి బండి మాట్లాడుమని కొడుక్కు చెప్పిన."

మనవరాలి పుట్టువెంట్రుకల మొక్కు అది. తన అంబాసిడర్‌లోనే అందరినీ తీసుకుపోతానని రామచంద్రం ఆర్నెల్లుగా చెబుతున్నాడు. బొగ్గుబాయి పని నుంచి రిటైరయ్యాక ఈ ఇంట్లో అతని చేతికి మిగిలింది ఆ స్టీరింగ్ ఒక్కటే. నలుగురూ మాట్లాడుకునేచోట కూర్చుంటే, అందరూ నవ్వాక కాసేపు ఆగి తనూ నవ్వుతాడు.

"డబ్బా మార్పిస్తే లొల్లి ఒడుస్తది."

"మార్పియ్యి. బంగారుది ఎయ్యి."

మందమర్రి బజారులో అంబదాస్ మెకానిక్ కొట్టు. అంబదాస్ కాళ్ళు బయట పెట్టి, డాష్‌బోర్డు కింద వెల్లకిలా దూరి, బొటనవేలంత రేకు డబ్బాను పీకి తెచ్చాడు. ఫ్లాషర్ అది. లోపలి పలుచని రేకు వేడెక్కి వంగినప్పుడల్లా మలుపు లైటు వెలిగి ఆరుతుంది, టిక్కుమంటుంది. అంబదాస్ పట్టకారుతో దాన్ని చీల్చి చూపించాడు.

"రేకు అరిగింది కాకా. చప్పుడు సగమే వస్తుండె. నీ తప్పేం లేదు."

"గీ మాట మీ చిన్నమ్మకు జర ఫోన్‌ల చెప్పు."

కొత్తది బిగించాడు. "ఇగ విను."

డాష్‌బోర్డు మీద పచ్చబాణం వెలుగుతూ ఆరుతూ ఉంది. రామచంద్రం ముందుకు వంగాడు. రోడ్డు మీద ఏ బండీ లేదు.

"గడియారం లెక్క కొడ్తుంది గదా," అంబదాస్ బానెట్ మీద వేలితో తాళం వేస్తున్నాడు.

"మస్తు కొడ్తుంది," అన్నాడు రామచంద్రం ఆ వేలినే చూస్తూ.

ఇంటికి పోలేదు. మూతపడిన బాయి దారిలో తుమ్మచెట్ల పక్కన బండి ఆపి, ఇంజిన్ బంద్ చేసి, మలుపు లైటు వేశాడు. డాష్‌బోర్డుకు చెవి ఆనించాడు. ఏమీ లేదు. అరచెయ్యి పెట్టి చూశాడు. రేకు వెనుక టిక్కు టిక్కు అరచేతికి తగులుతోంది.

ముప్ఫై ఏళ్ళు అతను బొగ్గు తొట్లను తాడుతో లాగే హాలర్ యంత్రం నడిపాడు. బాయిలోపలి నుంచి ఒక్క గంట వస్తే తాడు ఆపాలి. ఆపకపోతే తొట్లు పట్టాల మీదున్న మనుషుల మీదికి పోతాయి. పక్క షిఫ్టు లచ్చయ్య రెండుసార్లు గంట వచ్చినా ఆపలేదు. షిఫ్టు పని చూసే సర్దార్ దగ్గరికి పోయి చెప్పింది రామచంద్రమే: "గంట వినబడనోడు ఇంజిన్ మీద కూసోవద్దు." లచ్చయ్యను పైన చీపురు పనికి మార్చారు. రిటైరయ్యే దాకా అతను రామచంద్రంతో మాట్లాడలేదు. అయినా ఆ మాట తప్పని రామచంద్రానికి ఎన్నడూ అనిపించలేదు. ఇవ్వాళ కూడా అనిపించలేదు.

ఆదివారం కావడంతో మధ్యాహ్నం అందరూ ఒక్కసారే అన్నాలకు కూర్చున్నారు.

"డబ్బా కరాబైంది నిజమేనట మామా. అంబదాసన్న ఫోన్ చేసిండు," కోడలు మంజుల గట్టిగా చెప్పింది.

కమలవ్వ అతని కంచంలో పప్పు వేసి, చెవి దగ్గరికి వంగింది. "సరే తియ్యి. నీ బండిలనే పోదాం."

రామచంద్రం ముద్ద కలిపాడు.

"కొత్తది మంచిగ కొడ్తుందట," అన్నాడు.

ఆ 'అట' దగ్గర మంజుల చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది.

"నాకే వినబడ్తలే. మంగళారం నరేశ్ నడుపుతడు. అటెన్క గూడ నరేశే."

"నాకా గేర్లు సమజ్ గావు బాపూ," అన్నాడు కొడుకు.

"పక్కన కూసోని చెప్త."

ఎడమచేత్తో జేబులోంచి తాళంచెవి తీసి కంచాల మధ్య పెట్టాడు. కమలవ్వ ఏదో అంది. ఏమన్నదని అతను అడగలేదు. మజ్జిగ గిన్నె పక్కన తాళంచెవి, అతని జేబు వేడి ఇంకా ఆరకుండా, ఎవరూ ముట్టుకోకుండా ఉంది.