బిగిసిందా

గ్యారేజి నేల తుడవడం నా పని. ఆయన లేవకముందే అయిపోవాలి. నూనె మరకల మీద రంపపు పొట్టు చల్లి, అది పీల్చుకున్నాక ఎత్తిపోసి, సబ్బునీళ్లతో రుద్దాలి. కాలికి జిడ్డు తగిలితే ఆయనకు రోజంతా చిరాకు. ఆ ఆదివారం ఉదయం ఇంజను వెనక భాగం కింద, నేల మీద ఒక చుక్క కనిపించింది. చొక్కా గుండీ అంత. నల్లగా లేదు, పల్చటి టీ రంగులో ఉంది. శనివారం కూడా అక్కడే ఒకటి ఉంటే తుడిచేశాను. శుక్రవారం కూడా. ఈసారి తాకి వాసన చూశాను. తొమ్మిదేళ్లుగా ఆ కారు కింద కూర్చున్నదాన్ని, ఏ నూనె ఏ వాసన వేస్తుందో నాకు తెలుసు. అది బ్రేకు నూనె.

తుడిచేశాను. ఆయన లేచాక చెబుదామనుకున్నాను.

"ఇవాళ నాతో ఏం మాట్లాడకు," అన్నాడు టీ అందుకుంటూ. "పదింటికి పాత కార్ల క్లబ్బువాళ్లు వస్తున్నారు. నా బుర్ర పాడుచెయ్యకు."

మాట్లాడలేదు. ఆ ఇంట్లో నాకు బాగా వచ్చిన పని అదొక్కటే.

ఆ గ్యారేజి గది నాది. ఇల్లు కొన్నప్పుడు మాకు కారు లేదు కాబట్టి గ్యారేజిలో నేను రెండు కుట్టుమిషన్లు వేసుకున్నాను. కర్టెన్లు, సోఫా కవర్లు, పిల్లల స్కూలు బట్టలు కుట్టేదాన్ని. షట్టరు ఎత్తితే వెలుతురు నేరుగా సూది మీద పడేది. వచ్చినవాళ్లు బల్ల మీద కూర్చుని, కుట్టు పూర్తయినా లేవకుండా కబుర్లు చెప్పేవారు. నన్ను పేరుపెట్టి పిలిచేవాళ్లు ఆ షట్టరులోంచే వచ్చేవారు. ఇంట్లో ఎవరూ పిలవరు, ఇంట్లో నేను "ఇదిగో", "ఏమే", "విన్నావా". ఒకరోజు లారీ వచ్చి, చక్రాలు లేని ఒక పాత స్పోర్ట్స్ కారును ఆ షట్టరు ముందు దించింది. రెండే సీట్లు. ఎవరిదో షెడ్డులో ముప్ఫై ఏళ్లు పడి ఉందట. సీట్లలో కోళ్లు గుడ్లు పెట్టాయట. ఆయన లిఫ్టుల కంపెనీలో సూపర్‌వైజరు. రోజంతా ఇతరుల్ని పైకీ కిందికీ పంపే మనిషికి తన కోసం ఏదైనా కదలాలనిపించిందేమో. "ఆరు నెలలు," అన్నాడు. "ఆరు నెలల్లో ఇది తన చక్రాల మీద తను బయటికి పోతుంది. ఆ రోజు నీ గది నీకు. కాగితం మీద రాసిమ్మంటావా?" నవ్వాను. రాయించుకోవలసింది. మిషన్లు మెట్ల కిందికి పోయాయి. వచ్చేవాళ్లు కొన్నాళ్లు వంటగదిలో నిలబడి కొలతలిచ్చారు, తర్వాత మానేశారు.

"మగాడికి ఏదో ఒక పిచ్చి ఉండాలమ్మా," అంది అత్తగారు. "తాగుడా, కాదు. పేకాటా, కాదు. ఇనుముతో ఆడుకుంటున్నాడు. ఎంత అదృష్టవంతురాలివో నీకు తెలీదు."

అదృష్టాన్ని కిరసనాయిల్లో కడిగాను. పాత పళ్లబ్రష్షుతో ఒక్కో బోల్టు తుప్పు వదిలించాను. తలుపులు, మడ్‌గార్డులు, డిక్కీ మూత గరుకు కాగితంతో రుద్దీ రుద్దీ నా వేలిముద్రలే అరిగిపోయాయి. ఊడదీసిన ప్రతి ముక్కకూ రంగు దారం కట్టాను. ఇంజనుకు నీలం, తలుపులకు పసుపు, దీపాలకు తెలుపు, బ్రేకులకు ఎరుపు. "ఇదేమన్నా బట్టల కొట్టా?" అని నవ్విన మనిషే, ఏడాది తిరిగేసరికి గ్యారేజిలోంచి "ఆ పసుప్పచ్చవి ఎక్కడ తగలేశావే" అని అరిచేవాడు. క్లబ్బులో మాత్రం ప్రతి బోల్టుకూ తన దగ్గర ఒక పద్ధతి ఉందని చెప్పుకున్నాడు. దారాలు తను కట్టినట్టే చెప్పాడు. నమ్మారు. ఆయన వేళ్లు చూసినవాడెవడూ ఆ ముళ్లు వేశాడని నమ్మడు. కానీ మగవాళ్లు ఒకరి వేళ్లు ఒకరు చూసుకోరు.

ఇంజనుకూ దాని వెనక రేకు గోడకూ మధ్య ఒక సందు ఉంది. ఆయన చెయ్యి అందులో పట్టదు. నాది పడుతుంది. అది కనిపెట్టిన రోజు ఎంత మురిసిపోయాడో. "నీకు దేవుడు ఈ చెయ్యి ఈ కారు కోసమే ఇచ్చాడే," అన్నాడు. నేనూ మురిసిపోయాను. తొమ్మిదేళ్లలో దేనికైనా సిగ్గుపడాలంటే దానికే పడాలి. అప్పట్నుంచి ఆయన పనిముట్లు అడిగే వరసలో నేనూ చేరాను. "పది నంబరు పానా. టార్చి. గుడ్డ. చెయ్యి." పొయ్యి మీద ఏమున్నా దించి వెళ్లేదాన్ని. నేను లోపల నట్టు తిప్పేదాన్ని, ఆయన టార్చి పట్టుకుని చూసేవాడు. లోపల ఏమీ కనిపించదు. వేలికి తెలియాల్సిందే. అందుకని ప్రతిసారీ అడిగేవాడు, "బిగిసిందా?" నేను "బిగిసింది" అంటే టార్చి ఆర్పేసేవాడు.

మూడేళ్ల కిందట ఇంజను మొదటిసారి పలికింది. నా చెయ్యి అప్పుడు ఇంజను ముందువైపు, ఫ్యాను పక్కన ఉంది. ఊడిపోయిన వైరు ఒకటి పట్టుకుని ఉన్నాను. "అలాగే ఉంచు, ఊరికే ఒకసారి తిప్పి చూస్తా," అన్నాడు. తిప్పాడు. ఫ్యాను తిరిగింది. నా కుడిచేతి చూపుడు వేలు కొస గోరుతో సహా పోయింది. "నడిచింది! విన్నావా, నడిచింది!" అని ఆయన స్టీరింగు మీద కొడుతున్నాడు. నేను విన్నాను. రక్తం చూశాక ఆపాడు. టాక్సీలో డ్రైవరుతో, ముప్ఫై ఏళ్లు మూగగా ఉన్న ఇంజను ఇవాళ మాట్లాడిందని చెప్పాడు. ఆసుపత్రిలో డాక్టరు ఎలా జరిగిందని అడిగితే, నేను నోరు తెరిచేలోపు, "కుట్టుమిషన్లో పెట్టుకుందండీ, పరధ్యానం," అన్నాడు. డాక్టరు వేలు చూసింది, ఆయన్ని చూసింది, నన్ను చూసింది. కుట్టుమిషన్ వేలిని పొడుస్తుంది, తెగ్గొట్టదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. నేను చెబుతానేమోనని పెన్ను పట్టుకుని కాసేపు ఆగింది. తర్వాత ఆయన చెప్పిందే రాసుకుంది.

"ఇకనైనా ఆ కుట్టుపని మానెయ్, చూశావుగా," అంది అత్తగారు, కట్టు చూసి. నెల తిరిగేసరికి ఆ అబద్ధాన్ని ఆయనే నమ్మేశాడు. నా మంచికేనని ఒక మిషన్ అమ్మేశాడు. రెండోది ఎందుకుంచాడంటే, కారు సీట్లకు తోలు కుట్టాలి.

కుట్టాను. మెట్ల కింద, వంగి, తల పైమెట్టుకు తగులుతుంటే ఐదు నెలలు కుట్టాను. ఒకరోజు సూది నా మొండి వేల్లో దిగి బయటికి వచ్చింది. నాకు తెలియలేదు. తోలు మీద ఎర్రగా కనిపిస్తే, ఎక్కడినుంచా అని వెతికాను. ఆ వేల్లో ప్రాణం లేదని అప్పుడు తెలిసింది. ఆయనకూ చూపించాను. "తోలు మరకైంది. ఎంత ఖరీదో తెలుసా?" అన్నాడు.

పదింటికి క్లబ్బు నుంచి ముగ్గురొచ్చారు. సెక్రటరీ పొట్టి మనిషి, మెడలో కళ్లజోడు. వచ్చే నెల జరిగే పాత కార్ల ప్రదర్శనకు ఏది పనికొస్తుందో ఏది పనికిరాదో చెప్పేది అతనే. కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. కారు ఎర్ర రంగులో తన ముఖం చూసుకుని జుట్టు సర్దుకున్నాడు. నేను టీ పళ్లెంతో నిలబడ్డాను. సీటు అంచు కుట్టు మీద వేలు నడిపించి, "ఇది ఎవరి చెయ్యి? అచ్చు కంపెనీ పని," అన్నాడు.

"ఒక దర్జీ ఉన్నాడులెండి," అన్నాడు ఆయన. "ముసలాడు. నేను పక్కన కూర్చుని చెప్పి చేయించా."

"ఆ ముసలాడి అడ్రసు నాక్కావాలి."

"పోయాడండీ. పాపం."

టీ ఒలకలేదు. చచ్చిపోయిన ముసలాడి చెయ్యి స్థిరంగానే ఉంది.

"ఇంక దీని పని అయిపోయిందిగా, ఆదివారాలు ఏం చేస్తావోయ్?" అన్నాడు రెండోవాడు.

"ఇంకోటి చూశా. దీనికన్నా పాతది. గురువారం లారీ వస్తుంది, ఇక్కడే దించుతున్నా." షట్టరు వైపు, నా గది వైపు చెయ్యి ఊపాడు. నా వైపు చూడలేదు. మరిచిపోయి కాదు. మరిచిపోవాలంటే ముందు గుర్తుండాలి.

అప్పుడైనా నేను చెప్పాను. ఆ సంగతి రాసి తీరాలి, నేను చెప్పాను. "బయటికి తీసేముందు ఆ సందులో బ్రేకు పైపు నట్టు ఒకసారి చూసుకోండి," అన్నాను.

ముగ్గురూ ఆయన వైపు చూశారు. ఆయన నా మణికట్టు పట్టుకుని, మొండి వేలు వాళ్లకు కనపడేలా పైకెత్తాడు. "కుట్టుమిషన్లో వేలు పెట్టుకున్న మనిషండీ ఈవిడ," అన్నాడు. "మనకి జాగ్రత్తలు చెబుతోంది."

నవ్వారు. సెక్రటరీ మర్యాద తెలిసినవాడు, కొంచెం ఆలస్యంగా నవ్వాడు. వాకిట్లో కుర్చీ వేసుకున్న అత్తగారు కూడా నవ్వింది. "చిన్నప్పట్నుంచీ వాడు అంతే, నవ్వించి చంపుతాడు," అంది.

నా దగ్గర ఒక వాక్యం ఉంది. ఈ వేలిని తిన్నది మీ ఫ్యానే, దీనికి మూడేళ్లుగా స్పర్శ లేదు, బుధవారం ఆ నట్టు బిగించింది ఈ వేలే అని. అది చెబితే ఆయన ఆగేవాడు. ముగ్గురి ముందు తల దించుకునేవాడు, పానా తెమ్మనేవాడు, ఆ తర్వాత "చెయ్యి" అనేవాడు. నేను మళ్లీ ఆ సందులో చెయ్యి పెట్టేదాన్ని. గురువారం లారీ వచ్చేది.

"అమ్మా, రా. మొదటి సవారీ నీదే," అన్నాడు ఆయన. అత్తగారు చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, నేను కుట్టిన సీటులో సర్దుకుని కూర్చుంది. మా వీధి గేటు దగ్గర్నుంచే పల్లం. రెండు వందల గజాలు దిగి, గోడౌను ఇటుక గోడ దగ్గర పక్కకి తిరుగుతుంది. ఆదివారం గోడౌను మూత. ఆ రోడ్డు మీద పురుగు కూడా ఉండదు. నేను పళ్లెం కింద పెట్టి తలుపు తెరిచాను.

"దిగండి అత్తయ్యా. మీ మందు వేళయింది."

"తర్వాత మింగుతాలేవే."

"అన్నం ముందు వేసుకునేది. దిగండి." చెయ్యి పట్టుకుని లాగాను. కాపురానికొచ్చిన పదిహేడేళ్లలో ఆవిణ్ణి అంత గట్టిగా పట్టుకోవడం అదే మొదటిసారి. గొణుక్కుంటూ దిగింది. దిగి, నా ముఖంలోకి చూసి, మణికట్టు రుద్దుకుంది.

"పోనీలే, రెండో ట్రిప్పు నీది," అన్నాడు కొడుకు. ఇంజను పలికింది. సెక్రటరీ కళ్లు మూసుకుని విన్నాడు. ఆయన నల్లకళ్లద్దాలు పెట్టుకుని, స్నేహితులకు వినబడేలా, నాకేసి తిరిగి గొంతు సాగదీశాడు. "ఏమండీ మెకానిక్కు గారూ. ఆ నట్టు బిగించింది తమరేగా. బిగిసిందా, లేదా?"

మళ్లీ నవ్వారు. తొమ్మిదేళ్లుగా అడుగుతున్న ప్రశ్నే. అందులో మూడేళ్లు, బతికి ఉందో లేదో చూసుకోకుండా ఒక చచ్చిన వేలిని అడిగాడు. నేను కారు కింద నేల వైపు చూశాను. శుభ్రంగా ఉంది. పొద్దున నేనే తుడిచాను.

"బిగిసింది," అన్నాను.

కారు గేటు దాకా వెళ్లి ఫొటోల కోసం ఆగింది. ముగ్గురూ చప్పట్లు కొడుతూ దాని వెనకే గేటు దాకా నడిచారు. అత్తగారికి మాత్ర, నీళ్లు ఇచ్చి కుర్చీలో కూర్చోబెట్టాను. మెట్ల కిందికి వెళ్లి మిషన్‌ను బయటికి లాగాను. ఇనుప కాళ్లు నేల మీద కీచుమంటూ గ్యారేజి దాకా వచ్చాయి. షట్టరు ఎదురుగా, పాత చోటే పెట్టాను. టైల్స్ మీద నాలుగు కాళ్ల గుర్తులు ఇంకా ఉన్నాయి, నాలుగూ సరిగ్గా కూర్చున్నాయి. డబ్బాలో ఎరుపు దారం మిగిలి ఉంది. ఎడంచేత్తో ఎక్కించాను. వెలుతురు సూది మీద పడింది. గేటు దగ్గర మళ్లీ చప్పట్లు లేచాయి, కారు పల్లంలోకి దిగింది. ఒక పాత దిండు గలీబు తీసుకుని, దేనికని కాదు, ఊరికే అంచు కుట్టడం మొదలుపెట్టాను.

"ఏంటే ఆ చప్పుడు?" అంది అత్తగారు వాకిట్లోంచి. గేటు దగ్గర చప్పట్లు ఆగిపోయాయి.

"మిషన్, అత్తయ్యా," అన్నాను. పెడలు ఇంకొంచెం గట్టిగా తొక్కాను.