ఇసుక బస్తా

రెండో వరద వచ్చి షెడ్డు గోడమీద నడుమెత్తు మరక వదిలిపోయిన ఏడాది అది. మరక కడుగుతున్న భార్యని మెకానిక్ కేకేశాడు.

"ఏమే, రా. కూర్చో."

కూర్చోవడమంటే కారు వెనక సీట్లో. షాక్ అబ్జార్బర్లు మార్చిన ప్రతి బండినీ ఆయన వీధి చివర గతుకు దాకా నడిపి చూస్తాడు. వెనక బరువుండాలి. పెళ్లయిన కొత్తలో ఇసుక బస్తా వేసేవాడు. తర్వాత భార్యని కూర్చోబెట్టాడు. ఎత్తి దించే పని లేదు, తనే ఎక్కి తనే దిగుతుంది. ఇరవై ఆరేళ్లుగా అంతే. "కుడివైపు గట్టితనం రెండు టిక్కులు తగ్గించండి" అని ఆవిడంటే మాట్లాడకుండా తగ్గించేవాడు. బండి అప్పగించేటప్పుడు మాత్రం "నా చెయ్యి పడితే అంతే" అనేవాడు. బళ్లు షెడ్డులోకీ బయటికీ నడిపేది కూడా ఆవిడే. గతుకు దాకా ఎప్పుడూ నడపనివ్వలేదు.

ఈ చిన్న కారు ఒక నర్సుది. తమ్ముడు సోకు కోసం స్ప్రింగులు కోయించి నేలకి దించి, మోత సైలెన్సరు పెట్టించి, మోజు తీరాక అక్కకి అంటగట్టాడు. తుంటి ఆపరేషనైన తల్లిని ఆమె అందులో ఇంటికి తీసుకెళ్లాలి. పొద్దున నర్సు ముందు బల్లమీద రెండు రకాల షాక్ అబ్జార్బర్లు పెట్టాడు మెకానిక్. రెండూ గట్టితనం మర తిప్పి మార్చుకునేవే. ఒకటి పొట్టిది, పదహారు టిక్కులు. రెండోది పొడుగు, ముప్పై రెండు టిక్కులు.

"దించిన బండికి పొట్టివే పెట్టాలండీ. పొడుగువి ముందే సగం దిగిపోయి ఉంటాయి. గతుకులో ఇంకెక్కడికి దిగుతాయి?" అంది ఆవిడ.

"మా ఇసుక బస్తాకి మాటలొచ్చాయమ్మా" అని నవ్వాడు మెకానిక్. నర్సూ మర్యాదకి నవ్వింది.

పొడుగువే బిగించాడు. గతుకులో సీటు కింద ఠక్కుమంది. ఆ దెబ్బ ఆవిడ వెన్నులోకి పాకింది. సైలెన్సరు మోతలో ఆయనకి వినపడలేదు.

"ఎలా ఉంది?"

బస్తాలు మాట్లాడవు, అనుకుంది. "బాగానే ఉంది" అంది. ఆ మాట అన్నప్పుడు ఒంటికి ఎంత హాయిగా ఉందో.

నాలుగోరోజు నర్సు వచ్చింది. "గతుకులో అమ్మ అరిచిన అరుపు నా చెవుల్లోంచి పోవట్లేదు, మేస్త్రీ. కుట్లు తెగాయి. మళ్లీ ఆస్పత్రిలోనే ఉంది. రేపు పంపిస్తారట."

"నాలుగు టిక్కులు బిగిస్తే సరిపోతుంది" అంటూ ఆయన చక్రం దగ్గర వంగాడు.

చేతిలో తడిగుడ్డతో నిలబడిపోయింది ఆవిడ. రోజంతా నువ్వు చేసేదేముందన్న అత్తగారి మాట, నలుగురిలో నీకెందుకన్న ఈయన మాట, అన్నీ మింగింది. మింగినవి తన కడుపులోనే ఉన్నాయి. ఈ ఒక్కటి వేరే ఆడమనిషి తుంటిలో దిగింది. భయపడి ఊరుకుని ఉంటే తనని తాను క్షమించుకునేదేమో. భయం కాదు. ఆయన పరువు పోవాలని ఊరుకుంది. పోయినవి ముసలావిడ కుట్లు.

"నాకు తెలుసమ్మా" అంది నర్సుతో. "ఆ రోజే ఠక్కుమంది. తెలిసీ చెప్పలేదు. తప్పు నాది."

నర్సు ఆవిడ వైపు తిరిగింది. "ముందే చెప్పావుగా అక్కా. నేనే నవ్వాను."

మెకానిక్ వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. 

మర్నాడు పొద్దున ఆవిడ షెడ్డులోకి వచ్చేసరికి కారుకి పొట్టివి బిగించి ఉన్నాయి. డ్రైవరు వైపు తలుపు బార్లా తీసి ఉంది, తాళంచెవి వేలాడుతోంది. ఆయన వెనక సీట్లో, ముసలావిడ కూర్చునే వైపు, మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని కూర్చున్నాడు.